రెండు బ్యాటరీలు పోయాయి, ఆల్టర్నేటర్ మార్చాలా? ముందు వోల్టేజ్ ఎక్కడ పోతోందో పట్టుకోండి

మీరు చెప్పింది ఇదీ: ఎనిమిదేళ్ల డీజిల్ కారు. మూడు నెలల్లో రెండు బ్యాటరీలు పోయాయి. ఇంజిన్ ఆన్ చేసి బ్యాటరీ మీద మీటర్ పెడితే 13.1 వోల్టులు చూపిస్తోంది, రాత్రిపూట హెడ్‌లైట్లు, ఏసీ వేస్తే 12.4కి పడిపోతోంది. డాష్‌బోర్డులో బ్యాటరీ లైటు మాత్రం వెలగడం లేదు. మెకానిక్ ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసి బ్యాటరీని నింపే యంత్రం, మొత్తం మార్చేద్దాం అంటున్నాడు. మార్చాలా అని అడిగారు.

ఇంకా మార్చకండి. ఆల్టర్నేటర్ పోయి ఉండొచ్చు, కాదనను. కానీ మీ దగ్గరున్న రెండు అంకెలతో ఆ మాట ఎవరూ గట్టిగా చెప్పలేరు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా కార్ల ఎలక్ట్రికల్ పనే చేస్తున్నాను. అనవసరంగా మారిన ఆల్టర్నేటర్లు నా కళ్లముందు చాలా పోయాయి. డబ్బు పోవడం ఒక ఎత్తు. ఒరిజినల్ తీసేసి దాని బదులు ఏదో రీకండిషన్డ్ ముక్క పెట్టించుకుని, అసలు సమస్య అలాగే ఉండగా బండి తీసుకెళ్లిపోవడం ఇంకో ఎత్తు. అది చూస్తే నాకు బాధేస్తుంది.

ముందు ఒక విషయం అర్థం చేసుకోండి. బ్యాటరీ దగ్గర మీరు చూసిన 13.1 ఆల్టర్నేటర్ తయారుచేసిన వోల్టేజ్ కాదు. దారిలో పోయింది పోగా బ్యాటరీకి చేరింది. కృష్ణా కాలువ కింద శివారు పొలానికి నీళ్లు రాకపోతే బ్యారేజీలో నీళ్లు లేవని ఎవరూ అనుకోరు కదా, ముందు కాలువ వెంట నడిచి గండి ఎక్కడ పడిందో చూస్తారు. ఇక్కడా అదే పని. ఆల్టర్నేటర్ దగ్గర 14.3 ఉండి దారిలో 1.2 పోతున్నా మీ మీటర్‌లో 13.1 కనిపిస్తుంది, ఆల్టర్నేటరే 13.2 తయారుచేస్తున్నా దాదాపు అదే అంకె కనిపిస్తుంది. రెండింటికీ రిపేరు వేరు, ఖర్చు వేరు.

బ్యాటరీ లైటు వెలగడం లేదు కాబట్టి ఛార్జింగ్ బాగుందనుకోవడం కూడా తప్పే. మామూలు బండ్లలో ఆ లైటు ఆల్టర్నేటర్ లోపల ఉత్పత్తి మొదలైందా లేదా అన్నంతవరకే చెబుతుంది. బయటికి వచ్చిన కరెంటు బ్యాటరీకి చేరిందో లేదో దానికి తెలియదు. మధ్యలో కేబుల్ కుళ్లిపోయినా, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌ని బాడీకీ ఇంజిన్‌కీ కలిపే దారి) సరిగా లేకపోయినా లైటు ఆరిపోయే ఉంటుంది. ఇంకో చిన్న పని చేయండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ పొజిషన్‌లో పెట్టినప్పుడు ఆ లైటు వెలుగుతోందా? వెలగాలి. వెలగకపోతే బల్బో, దాని వైరో తెగి ఉండొచ్చు. పాత పద్ధతి ఆల్టర్నేటర్లలో లోపల తిరిగే రోటర్ కాయిల్‌కి మొదటి కరెంటు ఆ బల్బు ద్వారానే వెళ్తుంది. అది తెగితే స్టార్ట్ చేయగానే ఛార్జింగ్ మొదలవదు, ఒకసారి గట్టిగా రేస్ చేస్తే అప్పుడు అందుకుంటుంది. పొద్దున రేస్ చేయకుండా నెమ్మదిగా వెళ్లే మనిషికి ఆఫీసు చేరేదాకా ఛార్జింగే ఉండదు. మీ బండిలో ఇది కూడా జరుగుతుండొచ్చు, కాబట్టి ఈరోజే చూడండి.

ఇక బ్యాటరీ సంగతి. డౌన్ అయిన బ్యాటరీని బండిలో ఉంచి ఛార్జింగ్ సిస్టమ్‌ని పరీక్షిస్తే ఏ అంకెనూ నమ్మలేం. ఆకలి మీదున్న బ్యాటరీ కరెంటంతా లాగేసి వోల్టేజ్‌ని కిందికి ఈడుస్తుంది, నింద ఆల్టర్నేటర్ మీద పడుతుంది. అందుకని బ్యాటరీని ముందు బయట ఛార్జర్ మీద నాలుగైదు ఆంపియర్లతో రాత్రంతా పెట్టించండి. తీశాక వెంటనే మీటర్ పెట్టొద్దు. పైపైన ఉన్న ఛార్జ్ వల్ల 13 పైన చూపిస్తుంది. కొన్ని గంటలు పక్కన ఉంచండి. అంత టైమ్ లేకపోతే బండికి బిగించి రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి, ఆర్పి, అయిదు నిమిషాలు ఆగి చూడండి. 12.6, ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే సుమారు ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. రాత్రంతా ఛార్జ్ చేసినా 10.5 దగ్గర ఆగిపోతే ఆరు సెల్స్‌లో ఒకటి షార్ట్ అయినట్టు. ఒక్కో సెల్ 2.1 వోల్టులు, లెక్క సరిగ్గా సరిపోతుంది. అలాంటి బ్యాటరీ పెట్టుకుని ఆల్టర్నేటర్‌ని ఎంత పరీక్షించినా వృథా, పైగా ఆ బ్యాటరీ కొత్త ఆల్టర్నేటర్‌ని కూడా కాల్చేయొచ్చు.

నిండు బ్యాటరీ బిగించాక మీటర్ రెండు ముళ్లూ బ్యాటరీ మీదే ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. తిరుగుతున్నంతసేపూ 9.6 కంటే దిగకూడదు, మన వాతావరణంలో మంచి బ్యాటరీ 10 పైనే నిలబడుతుంది. ఈ పరీక్షలో ఇంకో రహస్యం ఉంది, చాలామంది గమనించరు. సెల్ఫ్ బరువుగా, మూలుగుతూ తిరుగుతోంది, కానీ బ్యాటరీ మీద వోల్టేజ్ 11 దగ్గర దర్జాగా నిలబడి ఉంది అనుకోండి. బలహీనమైన బ్యాటరీ అయితే వోల్టేజ్ పడిపోవాలి. పడలేదంటే బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, సెల్ఫ్‌కి అందడం లేదు. కేబుల్‌లోనో ఎర్త్‌లోనో అడ్డం ఉంది. అదే ఎర్త్ దారిలో ఛార్జింగ్ కరెంటు కూడా రావాలి. మీ కారు సెల్ఫ్ ఈమధ్య బరువుగా తిరుగుతోందా? మీరు ఆ మాట రాయలేదు, కానీ నాకు మొదట తెలుసుకోవాలనిపించింది అదే.

ఇప్పుడు అసలు పరీక్ష. దీన్ని వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటారు. సాదా మల్టీమీటర్ చాలు. మీటర్ డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేసి 1500 నుంచి 2000 ఆర్‌పీఎమ్ మధ్య పట్టుకోమనండి. హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్, వెనక అద్దం డీఫాగర్ ఉంటే అదీ వేయండి. లోడ్ లేకుండా ఈ పరీక్ష చేస్తే ఏమీ తేలదు. కరెంటు పారుతున్నప్పుడే లోపం బయటపడుతుంది.

మొదట ఎరుపు ముల్లు ఆల్టర్నేటర్ వెనక మందపాటి వైరు బిగించిన బోల్టు మీద, నలుపు ముల్లు ఆల్టర్నేటర్ బాడీ మీద పెట్టండి. అక్కడ వచ్చేది ఆల్టర్నేటర్ నిజంగా తయారుచేస్తున్న వోల్టేజ్. తర్వాత బ్యాటరీ ప్లస్, మైనస్ మధ్య చూడండి. రెండింటి మధ్య తేడా 0.4, మహా అయితే 0.5 దాటకూడదు. దాటితే మీ దొంగ దారిలోనే ఉన్నాడు.

ఏ వైపు ఉన్నాడో చూడటానికి ఎరుపు ముల్లు ఆల్టర్నేటర్ బోల్టు మీద, నలుపు ముల్లు బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. ముల్లు వైరు కొసన ఉండే పట్టు (క్లాంప్) మీద కాదు, బ్యాటరీ సీసపు పోస్ట్ మీదే ఆనాలి. అటు ఆల్టర్నేటర్ దగ్గర కూడా వైరు కొసన ఉండే లోహపు రింగు (లగ్) మీద కాదు, బోల్టు మర మీదే. లగ్‌కీ బోల్టుకీ మధ్య తుప్పు ఉంటే అది కూడా లెక్కలోకి రావాలి కదా. ఈ రీడింగ్ 0.2 లోపుంటే మంచిది, 0.3 దాకా సర్దుకోవచ్చు. తర్వాత ఒక ముల్లు ఆల్టర్నేటర్ బాడీ మీద, రెండోది బ్యాటరీ మైనస్ పోస్ట్ మీద. ఇది 0.1 దరిదాపుల్లో ఉండాలి, 0.2 దాటితే వెతకాల్సిందే.

కేబుల్ విప్పి ఓమ్స్ రేంజ్‌లో పెట్టి, సున్నా వచ్చింది కాబట్టి కేబుల్ బాగుంది అనేవాళ్లుంటారు. ఆ మాట నమ్మకండి. 70 ఆంపియర్లు పారే దారిలో ఓమ్‌లో వందో వంతు, అంటే 0.01 ఓమ్ అడ్డం ఉంటే 0.7 వోల్టులు అక్కడే పోతాయి. మన మీటర్ వైర్లకే 0.1, 0.2 ఓమ్‌లు ఉంటాయి. ఇక 0.01 దానికి ఎలా కనబడుతుంది? పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా ఓమ్స్ రేంజ్‌లో కేబుల్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. లోడ్ మీద వోల్టేజ్ డ్రాప్ చూడటం ఒక్కటే దీనికి మార్గం.

భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక కారు సంగతి చెబుతాను, మీ బండికి దగ్గరగా ఉంటుంది. చేపల చెరువుల గట్ల మీద తిరిగే బండి, ఆ నేలలో ఉప్పు ఎక్కువ. మూడో బ్యాటరీ నడుస్తోంది, ఆల్టర్నేటర్ అప్పటికే ఒకసారి మారింది. లోడ్ వేసి చూస్తే ఆల్టర్నేటర్ దగ్గర 14.1, బ్యాటరీ దగ్గర 13.0. ప్లస్ వైపు డ్రాప్ 0.15, ఫరవాలేదు. మైనస్ వైపు 0.95. ఇక ఆ దారిని ముక్కలు చేసుకుంటూ వచ్చాను. బ్యాటరీ పోస్ట్ నుంచి క్లాంప్‌కి 0.02. క్లాంప్ నుంచి బాడీ బోల్టుకి 0.08. ఇంజిన్ నుంచి ఆల్టర్నేటర్ బాడీకి 0.04. బాడీ నుంచి ఇంజిన్‌కి 0.81. అంకె దూకింది అక్కడే.

బాడీకీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే ఎర్త్ వైరు అది. పైన నల్ల తొడుగు చెక్కు చెదరలేదు, రెండు చివర్లా బోల్టులు బిగుతుగానే ఉన్నాయి. చూసినవాళ్లంతా బాగుందని వదిలేసింది అందుకే. తొడుగును బ్లేడుతో పొడుగ్గా చీల్చి వైరును వంచాను. రాగి పోగులు అప్పడం విరిగినట్టు పటపటమని విరిగి, లగ్ దగ్గర నుంచి ఆకుపచ్చ పొడి అరచేతిలో రాలింది. విప్పకముందే ఒక జంపర్ కేబుల్ తీసి ఒక కొస ఇంజిన్ హుక్‌కి, ఇంకో కొస బ్యాటరీ మైనస్‌కి తగిలించి చూపించాను. బ్యాటరీ దగ్గర 13.0 ఉన్నది 13.9కి ఎక్కింది. ఓనరు ఆ మీటర్ వైపు చూస్తూ కాసేపు మాట్లాడలేదు. రెండు బ్యాటరీలు, ఒక ఆల్టర్నేటర్ డబ్బులు ఒక మూరెడు వైరు కోసం పోయాయి.

మీరు కూడా ఈ జంపర్ కేబుల్ పరీక్ష చేయండి, ఇంట్లోనే అవుతుంది. ఇంజిన్ ఆఫ్ చేసి తగిలించండి, కేబుల్ ఫ్యాన్‌కీ బెల్ట్‌కీ దూరంగా ఉండేలా చూసుకుని అప్పుడు స్టార్ట్ చేయండి. వోల్టేజ్ లేస్తే రోగం ఎర్త్‌లోనే. సెల్ఫ్ కూడా తేలిగ్గా తిరుగుతుంది. ఎర్త్ పాడైన బండ్లలో ఇంకో గుర్తు ఉంటుంది. సరైన దారి దొరక్క కరెంటు గేర్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ లాంటి వాటి గుండా వెళ్తుంది, నాలుగైదు సార్లు సెల్ఫ్ కొడితే అవి వేడెక్కుతాయి. యాక్సిలరేటర్ కేబుల్ ఊరికే తెగిపోతోందని వచ్చిన బండ్లలో ఎర్త్ వైరు మార్చి పంపినవి ఉన్నాయి.

కొత్త ఎర్త్ వైరు వేయించేటప్పుడు లగ్‌ని చేత్తో నొక్కి టేప్ చుట్టి ఇస్తే తీసుకోకండి. సరైన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కించాలి. బాడీ మీద లగ్ ఆనే చోట పెయింటు, తుప్పు గీకి లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దించి, బోల్టు బిగించాక పైన గ్రీజో వాసెలినో పూయించండి. బిగించాక పూయాలి, ముందు కాదు.

ప్లస్ వైపు డ్రాప్ ఎక్కువ వస్తే ఆల్టర్నేటర్ బోల్టు, బ్యాటరీ టెర్మినల్, మధ్యలో పెద్ద ఫ్యూజ్ బిగించే స్క్రూలు చూడండి. 80, 100 ఆంపియర్ల ఫ్యూజులు పట్టీలా ఉంటాయి, వాటి స్క్రూ వదులైతే అక్కడ ప్లాస్టిక్ గోధుమరంగుకి మారి కాస్త కరిగి ఉంటుంది. కంటికే కనబడుతుంది.

ఇక మొదటి కొలతలోనే, అంటే ఆల్టర్నేటర్ బోల్టుకీ దాని బాడీకీ మధ్యే 14 దాకా లేవకుండా 13.1 వచ్చిందనుకోండి. అప్పుడు మీ మెకానిక్ మాటలో సగం నిజం ఉంది. సగమే ఎందుకంటే, లోపం ఆల్టర్నేటర్‌ది అయినా మొత్తం మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు.

బెల్ట్‌తో మొదలుపెట్టండి. బెల్ట్ జారుతుంటే లైట్లు వేయగానే కీచుమంటుంది, కప్పీ చుట్టూ నల్లటి రబ్బరు పొడి ఉంటుంది. ఆపిన వెంటనే కప్పీ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే జారినట్టే. మీది డీజిల్ కాబట్టి ఇంకోటి చూడాలి. చాలా డీజిల్ బండ్లలో ఆల్టర్నేటర్ కప్పీ లోపల ఒకవైపే పట్టే క్లచ్ ఉంటుంది, సైకిల్ ఫ్రీవీల్ లాగా. ఇంజిన్ ఆపి, బెల్ట్ తీసి, ఆల్టర్నేటర్ లోపలి ఫ్యాన్ రెక్కని స్క్రూడ్రైవర్‌తో అడ్డుకుని కప్పీని తిప్పండి. ఒకవైపు తిరగాలి, ఇంకోవైపు పట్టెయ్యాలి. రెండు వైపులా తిరిగితే కప్పీ పోయింది, ఇంజిన్ తిరుగుతున్నా ఆల్టర్నేటర్ సరిగా తిరగడం లేదు. రెండు వైపులా పట్టేస్తే బెల్ట్ ఊగిపోతుంది, బెల్ట్‌ని బిగుతుగా ఉంచే టెన్షనర్ కూడా పాడవుతుంది. ఇలాంటి కప్పీ ఒక్కటే విడిగా మారుతుంది.

తర్వాత కార్బన్ బ్రష్‌లు, అంటే తిరిగే రోటర్‌కి ఆనుకుని కరెంటు అందించే చిన్న ముక్కలు. ఎనిమిదేళ్ల బండిలో అరిగి ఉండటానికి చాలా అవకాశం ఉంది. కొత్తవి సెంటీమీటరు పైనే బయటికి ఉంటాయి, అయిదు మిల్లీమీటర్లకి వచ్చాయంటే మార్చే టైమ్ అయింది. గుర్తు ఏమిటంటే ఛార్జింగ్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. గతుకు పడగానే లైట్లు ప్రకాశిస్తాయి, మళ్లీ డల్ అవుతాయి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆల్టర్నేటర్ వెనక భాగాన్ని స్క్రూడ్రైవర్ పిడితో నెమ్మదిగా తడితే వోల్టేజ్ లేస్తుంది. చాలా ఆల్టర్నేటర్లలో బ్రష్‌లు, వోల్టేజ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ కలిసి ఒకే ముక్కగా వస్తాయి. రెండు మూడు స్క్రూలు విప్పి మార్చే పని అది. అప్పుడే రోటర్ మీద రాగి రింగులు కూడా చూడమనండి, గాడి లోతుగా పడి ఉంటే కొత్త బ్రష్‌లు కూడా ఎక్కువ రోజులు రావు. కొన్ని పాత డీజిల్ ఇంజిన్లలో ఆల్టర్నేటర్ వెనకే బ్రేకు వ్యాక్యూమ్ పంపు ఉంటుంది. దాని సీలు కారితే ఆయిల్ బ్రష్‌ల మీదికి చేరుతుంది, అలాంటప్పుడు సీలు మార్చకుండా బ్రష్‌లు వేస్తే నెలల్లో మళ్లీ అదే కథ.

డయోడ్లు పోయాయేమో కూడా మీటర్‌తోనే తెలుస్తుంది. ఆల్టర్నేటర్ లోపల మూడు ఫేజుల ఏసీ కరెంటు, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు, పుడుతుంది. కనీసం ఆరు డయోడ్లు దాన్ని ఒకే దిశలో పారే డీసీగా మారుస్తాయి. ఒకటి పోయినా ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తూనే ఉంటుంది, కానీ ఇవ్వగలిగే కరెంటు బాగా తగ్గిపోతుంది. లోడ్ లేనప్పుడు వోల్టేజ్ బాగానే ఉండి, లైట్లు, బ్లోయర్ వేయగానే దిగుతుంది. మీ బండిలో 13.1 నుంచి 12.4కి దిగడం చూస్తే ఇదీ అనుమానించాల్సిందే. లోడ్ వేసి ఉంచి మీటర్‌ని ఏసీ వోల్టుల రేంజ్‌కి మార్చి ఆల్టర్నేటర్ బోల్టు దగ్గర చూడండి. 0.1 లోపు ఉండటం మామూలు, 0.5 దాటితే డయోడ్ లోపం. చవక మీటర్లతో ఇక్కడ మోసపోతారు. కొన్ని మీటర్లు ఏసీ రేంజ్‌లో డీసీని కూడా కలిపేసి 28, 30 అని చూపిస్తాయి. ఇంజిన్ ఆఫ్ చేసి అదే ఏసీ రేంజ్‌లో బ్యాటరీ మీద పెట్టండి, సున్నా రాకపోతే ఆ మీటర్ ఈ పనికి పనికిరాదు.

మీటర్ లేకుండా తెలిసే గుర్తు ఒకటుంది. డయోడ్ లీక్ అయితే రాత్రంతా బ్యాటరీ నుంచి ఆల్టర్నేటర్ గుండా కరెంటు వెనక్కి కారుతుంది. తెల్లవారి బండి స్టార్ట్ చేయకముందు బానెట్ ఎత్తి ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెట్టండి. ఇంజిన్ అంతా చల్లగా ఉండి ఆల్టర్నేటర్ ఒక్కటే గోరువెచ్చగా తగిలితే ముందు డయోడ్లనే అనుమానించాలి. ఎఫ్ఎమ్ రేడియోలో ఇంజిన్ వేగంతోపాటు పెరిగే కూత వినిపించినా ఆ వైపే చూడాలి.

ఇంకొకటి గుర్తుంచుకోండి, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, ఏ ఆల్టర్నేటరూ పూర్తి కరెంటు ఇవ్వదు. దాని మీద 90 ఆంపియర్లని రాసి ఉంటే అది వేగంగా తిరిగేటప్పటి మాట, ఐడిల్‌లో అందులో సగం వస్తే గొప్ప. హెడ్‌లైట్లు పది, బ్లోయర్ ఫుల్ మీద పదిహేను ఇరవై, రేడియేటర్ ఫ్యాన్ ఇంకో ఇరవై ఆంపియర్లు తీసుకుంటాయి. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో వానాకాలం రాత్రి అరగంట నిలబడితే మంచి బండిలో కూడా వోల్టేజ్ కాస్త దిగుతుంది. అందుకే మీరు చూసిన 12.4 ఐడిల్‌లోనా, రేస్‌లోనా అన్నది ముఖ్యం. 2000 ఆర్‌పీఎమ్‌కి వెళ్లగానే 14 దాకా లేస్తే ఆందోళన చాలావరకు తగ్గుతుంది. రేస్ చేసినా లేవకపోతే పైన చెప్పిన వాటిలో ఏదో ఒకటి ఉన్నట్టే.

ఎండ సంగతి కూడా చెప్పాలి. రెగ్యులేటర్ వేడిని బట్టి వోల్టేజ్ తగ్గిస్తుంది, బ్యాటరీ ఉడికిపోకుండా. మే నెల మధ్యాహ్నం హైవే మీద రెండు గంటలు నడిపి వచ్చి బానెట్ ఎత్తితే 13.7, 13.8 కనిపించడం సహజం. అదే బండి తెల్లవారుజామున 14.4 చూపిస్తుంది. పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఒక అంకె వచ్చిందని టెన్షన్ పడొద్దు.

ఎక్కువ వోల్టేజ్ వచ్చే రోగం మీ బండికి లేదు కాబట్టి రెండు మాటల్లో చెప్పేస్తాను. మామూలు ఆల్టర్నేటర్ ఉన్న బండిలో 15 దాటి నిలబడితే రెగ్యులేటర్ పోయింది, లేదా బ్యాటరీ వోల్టేజ్ చూసి చెప్పే సెన్సింగ్ వైరు తెగింది. బల్బులు తరచూ మాడిపోతాయి, బ్యాటరీలో నీళ్లు వేగంగా తగ్గుతాయి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాసన వస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర నిప్పు, నిప్పురవ్వ ఏదీ ఉండకూడదు, అక్కడ హైడ్రోజన్ కూడా ఉంటుంది. ఆ స్థితిలో బండి నడపకండి.

ఈ సమాధానం చదివే మిగతావాళ్లకి కూడా పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది. మైనస్ టెర్మినల్ మీద ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా, దానికి సన్నటి వైర్ల కనెక్టర్ ఉంటే అది బ్యాటరీ సెన్సార్. అలాంటి బండ్లలో ఆల్టర్నేటర్‌ని ఇంజిన్ కంప్యూటర్ నడుపుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే డీజిల్ ఆదా కోసం వోల్టేజ్‌ని 12.6, 12.8కి దించేస్తుంది, బ్రేకు వేసి వేగం తగ్గిస్తున్నప్పుడు 14.5 పైకి లేపుతుంది. ఆ 12.6 చూసి ఛార్జింగ్ లేదని ఆల్టర్నేటర్ మార్చినవాళ్లున్నారు. కొత్తది వేసినా మళ్లీ 12.6 వచ్చి బండి నా దగ్గరికి చేరింది. అందులో లోపమే లేదు. అలాంటి బండికి స్కానర్ పెట్టి కంప్యూటర్ ఎంత అడుగుతోందో, ఆల్టర్నేటర్ ఎంత ఇస్తోందో పక్కపక్కన చూడాలి. రెండూ సమానంగా ఉంటే ఆల్టర్నేటర్ చెప్పినట్టు నడుస్తోందన్నమాట. అలాగే డాష్‌క్యామ్, ఆంప్లిఫయర్ లాంటివాటి ఎర్త్ నేరుగా బ్యాటరీ మైనస్ పోస్ట్‌కి ఇవ్వకూడదు, బాడీకి ఇవ్వాలి. పోస్ట్‌కి ఇస్తే ఆ కరెంటు సెన్సార్ లెక్కలోకి రాదు, బ్యాటరీ ఎంత ఖాళీ అయిందో కంప్యూటర్‌కి తప్పుగా తెలుస్తుంది. మీ కారులో ఆ డబ్బా ఉందో లేదో చూసి చెప్పండి, ఉంటే నేను పైన చెప్పిన 14 వోల్టుల లెక్కలు కొంత మారతాయి.

మీ రెండు బ్యాటరీలు ఎందుకు పోయాయో కూడా ఇప్పుడు ఊహించొచ్చు. 13.1 దగ్గర బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు, 12.4లో అయితే నిండటం మాట అటుంచి ఖాళీ అవుతూ ఉంటుంది. సగం ఛార్జ్‌లో వారాల తరబడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా లాభం లేదు. ఇంకో అవకాశం, బండి ఆపి ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగుతూ ఉండటం. తాళం వేశాక అరగంట ఆగి మైనస్ వైరు చుట్టూ డీసీ క్లాంప్ మీటర్ (వైరు విప్పకుండా కరెంటు కొలిచేది) పెట్టి చూస్తే 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. అర ఆంపియర్ ఉంటే రోజుకి 12 ఆంపియర్ అవర్లు పోతాయి, మీ సైజు బ్యాటరీ మూడు రోజులకి పడుకుంటుంది. బయట వేయించిన జీపీఎస్, సెంట్రల్ లాక్, మ్యూజిక్ సిస్టమ్ ఉంటే వాటిని మొదట అనుమానించండి. కానీ మీ 13.1 ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పటిది, కాబట్టి ముందు ఛార్జింగ్ సంగతి తేల్చాకే దీనికి రండి.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయనివ్వకండి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టే అని పరీక్షించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అంబాసిడర్‌లో డైనమో, కటౌట్ ఉన్న రోజుల్లో చెల్లిందేమో. ఇప్పటి బండిలో లోడ్ మీద బ్యాటరీ ఒక్కసారిగా విడిపోతే ఆల్టర్నేటర్ వోల్టేజ్ క్షణంలో పైకి ఎగురుతుంది, అడ్డుకునే డయోడ్లు లేకపోతే 80, 100 వోల్టుల దాకా కూడా. ఇంజిన్ కంప్యూటర్ ధర మీ ఆల్టర్నేటర్ ధరకి ఎన్ని రెట్లో మీ మెకానిక్‌నే అడగండి.

ఆల్టర్నేటర్ విప్పాల్సి వస్తే ముందు బ్యాటరీ మైనస్ తీసేయించండి. దాని వెనక బోల్టుకి తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు ఉంటుంది, స్పానర్ బాడీకి తగిలితే వెల్డింగ్ అయిపోతుంది. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి. ఇంజిన్ తిరుగుతుండగా కొలిచేటప్పుడు చున్నీ, లుంగీ, వదులు చొక్కా చేతులు బెల్ట్ దగ్గరికి రాకుండా చూసుకోండి.

రేపు పొద్దున చేసి రాయండి: నిండు బ్యాటరీతో, లోడ్ వేసి, 2000 ఆర్‌పీఎమ్ దగ్గర, ఆల్టర్నేటర్ మీద ఎంత, బ్యాటరీ మీద ఎంత, ప్లస్ వైపు డ్రాప్ ఎంత, మైనస్ వైపు ఎంత. సెల్ఫ్ ఎలా తిరుగుతోందో, తాళం ఆన్ చేస్తే బ్యాటరీ లైటు వెలుగుతోందో లేదో కూడా చెప్పండి. ఆ నాలుగు అంకెలు చూశాక ఆల్టర్నేటర్ విప్పాలా, ఎర్త్ వైరు మార్చాలా అన్నది నేను ఇక్కడే చెప్పగలను. అప్పటిదాకా మూడో బ్యాటరీ మాత్రం కొనకండి.